బావుల నీరు వర్షజల రేఖకు కిందుగా పడుతోంది: ఇది ఆవిరి ప్రభావమా, వేరే వానల నీరా?

ఊటచెలమ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. భూగర్భ జలాల మీద పరిశోధన మొదలుపెట్టి రెండేళ్లయింది. ఒక చిన్న పరీవాహక ప్రాంతంలోని దిగుడు బావుల నుంచి, బోరుబావుల నుంచి నీటి నమూనాలు సేకరించి, వాటిలో ఆక్సిజన్-18, డ్యుటీరియం (నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్‌ల బరువైన రూపాలు, అంటే బరువైన ఐసోటోపులు) విలువలను కొలిపించాను. ఆ రెండేళ్లూ అదే ప్రాంతంలో నెలనెలా వాననీటిని కూడా పట్టి, ఆక్సిజన్-18ను అడ్డగీత మీద, డ్యుటీరియంను నిలువు గీత మీద పెట్టి, ఆ వాననీటి బిందువుల గుండా స్థానిక వర్షజల రేఖను గీశాను. దాని వాలు ప్రపంచ వర్షజల రేఖ వాలైన 8కి చాలా దగ్గరగా వచ్చింది కనుక వాననీటి సేకరణలో పెద్ద లోపం లేదనే అనుకుంటున్నాను.

చిక్కంతా బావుల దగ్గరే వచ్చింది. వాటి బిందువులు చాలావరకు వర్షజల రేఖకు కుడివైపున, కిందుగా పడుతున్నాయి. వాటి గుండా ఒక గీత గీస్తే దాని వాలు 6కి కొంచెం పైన వస్తోంది. వాలు తగ్గితే నీరు ఆవిరైందని చదువుకున్నాను. నీరు ఆవిరైతే మిగిలినది బరువైన ఐసోటోపులతో చిక్కబడాలి కదా. అయితే నా బావుల నీటిలో చాలా నమూనాలు ఏడాది వాననీటి సగటు కంటే తేలికగా, అంటే ఎక్కువ రుణ విలువలతో ఉన్నాయి. ఆవిరైన నీరు అసలు వాన కంటే తేలికగా ఉండడం ఎలా సాధ్యమో నాకు అర్థం కావడం లేదు.

మరొక సందేహం కూడా ఉంది. బావుల బిందువుల గీతను వెనక్కి పొడిగించి, అది వర్షజల రేఖను ఎక్కడ ఖండిస్తుందో చూశాను. ఆ ఖండన బిందువే అసలు నీటి విలువ అని చాలా వ్యాసాల్లో వాడారు. నాకు వచ్చిన విలువ మాత్రం నేను పట్టిన ఏ నెల వానకన్నా తేలికగా ఉంది. అలాంటి వాన ఇప్పుడు ఇక్కడ కురవడం లేదు కనుక, ఈ నీరు చల్లని పూర్వకాలంలో ఇంకినదని రాయాలా? అలా రాయడానికి ధైర్యం చాలక ఇక్కడ అడుగుతున్నాను.

మేఘసంచారి (జవాబు):

ముందుగా మీ మొదటి సందేహాన్ని తీసుకుంటాను, ఎందుకంటే మీరు వైరుధ్యం అనుకుంటున్నది నిజానికి వైరుధ్యం కాదు. మీరు బావి నీటిని ఏ సగటుతో పోల్చారన్నదే ఇక్కడ ప్రధానమైన విషయం. పన్నెండు నెలల విలువలను కూడి పన్నెండుతో భాగిస్తే వచ్చేది సాధారణ సగటు. దాంట్లో ఒక్క జల్లు పడిన నెలకూ, జడివానలు కురిసిన నెలకూ సమానమైన విలువ ఉంటుంది. భూమిలోకి దిగే నీటికి మాత్రం ఆ సమానత్వం వర్తించదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక నెలలో 30 మిల్లీమీటర్ల వాన పడింది, దాని డెల్టా ఆక్సిజన్-18 విలువ (సముద్రపు నీటి ప్రమాణంతో పోలిస్తే ఆ ఐసోటోపు వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకె) −1 పర్ మిల్. మరో నెలలో 70 మిల్లీమీటర్లు, విలువ −3. మూడో నెలలో 300 మిల్లీమీటర్లు, విలువ −8. సాధారణ సగటు −4 వస్తుంది. వర్షపాతం పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్న భారిత సగటు మాత్రం −6.6. ఇంకొక మెట్టు ముందుకు వెళ్దాం. మొదటి రెండు నెలల వాన నేల పైపొరను తడిపి, మొక్కలకూ ఎండకూ పోయి, అడుగుకు చేరలేదనుకోండి. అప్పుడు బావికి చేరేది −8 విలువ ఉన్న నీరే. ఆ నీరు దారిలో కొంత ఆవిరై −7కి వచ్చినా, అది మీ సాధారణ సగటు −4 కంటే చాలా తేలికగానే కనిపిస్తుంది. ఆవిరైందన్నదీ నిజమే, సగటు వాన కంటే తేలికగా ఉందన్నదీ నిజమే.

పెద్ద వానలు తేలికగా ఉండడం యాదృచ్ఛికం కాదు. విల్లీ డాన్స్‌గార్డ్ 1964లో ప్రచురించిన వ్యాసంలో ఉష్ణమండల ప్రాంతాల్లో వాన పరిమాణం పెరిగే కొద్దీ దాని ఐసోటోపు విలువ తగ్గుతుందని చూపి, దానికి పరిమాణ ప్రభావం అని పేరు పెట్టాడు. మేఘం నుంచి బరువైన అణువులు ముందుగా వాన రూపంలో రాలిపోవడం వల్ల మిగిలిన ఆవిరి క్రమంగా తేలికవుతుంది. చిన్న జల్లులో మాత్రం చినుకు పొడిగాలిలో రాలుతూ దారిలోనే కొంత ఆవిరై బరువెక్కుతుంది. చల్లని ప్రాంతాల్లో పరిమాణం కంటే ఉష్ణోగ్రతదే పైచేయి. అక్కడ వార్షిక సగటు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే ఆక్సిజన్-18 విలువ దాదాపు 0.7 పర్ మిల్ పెరుగుతుందని అదే వ్యాసం చెప్పింది. వీటికి తోడు వాన ఎత్తైన చోట కురిస్తే ప్రతి 100 మీటర్లకూ సుమారు 0.15 నుంచి 0.5 పర్ మిల్ వరకు తేలికవుతుంది. కాబట్టి మీ పరీవాహక ప్రాంతంలో గుట్టలు ఉండి, వాన పట్టే పాత్ర కింద మైదానంలో ఉంటే, ఆ తేడాను కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇక రేఖ విషయం. హార్మన్ క్రెయిగ్ 1961లో ప్రపంచంలోని అనేక చోట్ల నదుల, సరస్సుల, వానల నీటిని కొలిచి, అవన్నీ ఇంచుమించు ఒకే గీత మీద పడతాయని చూపాడు. ఆ గీత ఇది: డెల్టా డ్యుటీరియం = 8 × డెల్టా ఆక్సిజన్-18 + 10. ఈ 8 అనేది ఆవిరి, నీరు సమతుల్యంలో ఉన్నప్పుడు రెండు ఐసోటోపులూ విడిపోయే తీరు నుంచి వచ్చింది. 25 డిగ్రీల దగ్గర ద్రవ రూపంలోని నీరు తన పైనున్న ఆవిరి కంటే ఆక్సిజన్-18లో 9 పర్ మిల్‌కు కొంచెం ఎక్కువగా, డ్యుటీరియంలో 79 పర్ మిల్ దాకా బరువుగా ఉంటుంది. అంటే రెండోది మొదటిదానికి ఎనిమిది రెట్లకు కాస్త పైమాట. మేఘంలో ఆవిరి నీరయ్యేటప్పుడు తేమ నిండుగా ఉంటుంది కనుక ఈ నిష్పత్తే నడుస్తుంది. నేల మీది నీరు పొడిగాలిలోకి ఆవిరయ్యేటప్పుడు మాత్రం అణువులు గాలిలోకి చొచ్చుకుపోయే వేగంలోని తేడా కూడా కలుస్తుంది. ఆ తేడా ఆక్సిజన్-18 మీద అనుపాతంలో ఎక్కువ ప్రభావం చూపుతుంది కనుక వాలు 8 నుంచి కిందికి దిగుతుంది. తెరిచి ఉన్న చెరువులు, సరస్సుల్లో సాధారణంగా అది 4 నుంచి 6 మధ్య ఉంటుంది, మట్టిలో నుంచి ఆవిరయ్యే నీటికి ఇంకా తక్కువ కావచ్చు.

దయచేసి మీ వాన విలువలను వర్షపాతం పరిమాణంతో భారిత సగటు చేసి, మళ్లీ పోల్చి చూడండి.

బావిగట్టు (జవాబు):

పైన చెప్పినదంతా సరైనదే. అయితే క్షేత్రంలో చాలాకాలం నమూనాలు తీసిన అనుభవంతో నేను మొదట అడిగేది వేరు. ఆ నీరు భూమిలో ఆవిరైందా, బావిలో ఆవిరైందా, మీ సీసాలో ఆవిరైందా? మూడింటి ఫలితమూ పటం మీద ఒకేలా కనిపిస్తుంది, ఎందుకంటే మూడు చోట్లా జరిగే భౌతిక క్రియ ఒక్కటే.

మీరు దిగుడు బావులనూ బోరుబావులనూ కలిపి ఒకే గీత గీసినట్టు రాశారు. దిగుడు బావిలో నీరు ఎండకూ గాలికీ తెరిచి ఉంటుంది. రోజూ తోడే బావి అయితే ఊట నుంచి కొత్త నీరు వస్తూ ఉంటుంది కాబట్టి పరవాలేదు. వాడకం లేని బావిలో పైనుంచి చేదతో తీసిన నీరు మాత్రం ఆ బావి కథనే చెబుతుంది, చుట్టూ ఉన్న రాతిపొరల్లోని నీటి కథను చెప్పదు. బోరుబావిలో కూడా మోటారు వేయగానే వచ్చే నీటిని పట్టకూడదు. గొట్టంలో నిలిచిన నీరు పోయి, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత స్థిరపడేదాకా ఆగి, ఆ తర్వాతే పట్టాలి.

సీసా సంగతి ఇంకా ముఖ్యం. మూత కింద గాలి మిగలకుండా అంచుదాకా నింపి, బిగుతుగా మూసి, వీలైతే లోపలి మూత కూడా ఉన్న గాజు సీసాలో గాని, మందమైన పాలిథిన్ సీసాలో గాని ఉంచాలి. సగం నిండిన పల్చని ప్లాస్టిక్ సీసా వేసవిలో కొన్ని నెలలు గదిలో ఉంటే దానిలోని నీరు తనంతట తానే రేఖకు కిందికి జారుతుంది. ఒకసారి నా నమూనాలే ఇలా పాడై, ఒక సంవత్సరం శ్రమ వృథా అయింది. అప్పటినుంచి ప్రతి విడతలోనూ విలువ తెలిసిన నీటిని ఒక సీసాలో నింపి మిగతా సీసాలతో పాటే తిప్పుతున్నాను. దాని విలువ మారకపోతేనే మిగతావాటిని నమ్ముతాను. వాన పట్టే పాత్రకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. నెలంతా నీరు అందులోనే ఉంటుంది గనుక, పైన అర సెంటీమీటరు మందాన పారాఫిన్ నూనె పొర ఉండాలి, లేదా గాలి ఆడని గొట్టం అమరిక ఉండాలి.

ఐసోటోపులతో పాటు క్లోరైడ్ కొలిచారా? కొలిచి ఉంటే ఆక్సిజన్-18ను అడ్డగీత మీద, క్లోరైడ్‌ను నిలువు గీత మీద పెట్టి చూడండి. నీరు ఆవిరైతే రెండూ కలిసి పెరుగుతాయి. మొక్కలు వేళ్లతో నీటిని పీల్చేటప్పుడు చాలావరకు ఐసోటోపుల నిష్పత్తి మారదు, ఉప్పు మాత్రం మట్టిలో మిగిలిపోతుంది. కాబట్టి క్లోరైడ్ పెరిగి ఐసోటోపు కదలకపోతే ఆ పని మొక్కలది, లేదా రాతిలోని లవణాలు కరగడం వల్ల వచ్చినది. నీటి ఉప్పదనానికి ఎండ కారణమా, చెట్టు కారణమా అన్నది ఇంత సులువుగా విడదీసి చెప్పే పద్ధతి మరొకటి నాకు తెలియదు. అందుకే ఈ పటం అంటే నాకు ప్రత్యేకమైన మక్కువ.

ఊటచెలమ (తిరిగి):

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేసి చూశాను. భారిత సగటు తీసిన తర్వాత బావుల నీటికీ వాననీటికీ మధ్య తేడా చాలావరకు తగ్గిపోయింది, వాన బాగా కురిసిన నెలల విలువలతో పోలిస్తే బావుల నీరు కొంచెం బరువుగానే ఉంది. రేఖకు ఎక్కువ దూరంగా పడినవి అధికశాతం దిగుడు బావులేనని కూడా తేలింది. వాటిలో కొన్ని వాడకంలో లేనివని నా నోట్సులో రాసుకుని ఉన్నాను, పటం గీసేటప్పుడు మాత్రం ఆ వివరం నాకు తట్టలేదు. వాటిని పక్కన పెట్టినా, లోతు తక్కువైన కొన్ని బోరుబావులు ఇంకా కిందుగానే ఉన్నాయి. వాటిలో ఐసోటోపు విలువతో పాటు క్లోరైడ్ కూడా పెరిగింది కాబట్టి అక్కడ ఆవిరి ప్రభావం నిజమేనని నమ్ముతున్నాను. మరికొన్నింటిలో క్లోరైడ్ ఎక్కువగా ఉన్నా అవి రేఖ మీదే ఉన్నాయి.

ఖండన బిందువు సంగతి మాత్రం తేలలేదు. మంచి నమూనాలతో మళ్లీ గీసినా అది ఏ నెల వానకన్నా తేలికగానే వస్తోంది.

మట్టిపదును (జవాబు):

ఈ ఖండన బిందువు పద్ధతి గురించి నేను కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులోని పొరపాటు చాలా ప్రచురిత వ్యాసాల్లో కూడా కనిపిస్తుంది, దాని మీద కట్టిన తీర్మానాలు చిన్నవి కావు.

ఒకే నీరు వేర్వేరు మోతాదుల్లో ఆవిరైతే ఆ బిందువులన్నీ ఒకే గీత మీద పడతాయి, ఆ గీతను వెనక్కి పొడిగిస్తే అసలు నీటి విలువ వస్తుంది. ఒక గిన్నెలో నీరు పోసి గదిలో ఉంచి, రోజుకొక నమూనా తీసినప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. మీ బోరుబావుల వెనుక ఒకే గిన్నె లేదు. ఒక్కొక్క చోట ఒక్కొక్క వాన ఇంకి ఉంటుంది, ఒక్కొక్క వాన ఒక్కొక్క కాలంలో, వేర్వేరు ఎండల్లో ఆవిరై ఉంటుంది. అలాంటి బిందువుల గుండా గీసిన గీత అసలు బాష్పీభవన రేఖే కాదు.

లెక్కతో చూద్దాం. స్థానిక వర్షజల రేఖ ప్రపంచ రేఖలాగే ఉందనుకుందాం. వర్షాకాలపు పెద్ద వాన విలువ ఆక్సిజన్-18లో −8, డ్యుటీరియంలో −54. వేసవి జల్లు విలువ −3, −14. రెండూ రేఖ మీదే ఉన్నాయి. ఆవిరయ్యేటప్పుడు రెండింటి వాలూ 4 అనుకుందాం. వర్షాకాలపు నీరు మబ్బు పట్టిన రోజుల్లో కొంచెమే ఆవిరై ఆక్సిజన్-18లో 1 పర్ మిల్ పెరిగింది, అంటే −7, −50కి చేరింది. వేసవి జల్లు ఎక్కువగా ఆవిరై 4 పర్ మిల్ పెరిగింది, అంటే +1, +2కి చేరింది. ఈ రెండు బిందువులను కలిపి గీత గీయండి. దాని వాలు 6.5 వస్తుంది, 4 రాదు. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే అది వర్షజల రేఖను ఆక్సిజన్-18 విలువ దాదాపు −9.7 దగ్గర ఖండిస్తుంది. మనం మొదలుపెట్టిన రెండు వానల్లో ఏదీ అంత తేలిక కాదు, ఆ ప్రాంతంలో అలాంటి వాన ఎప్పుడూ కురవనే లేదు. గీత మాత్రం అలాంటి వాన ఒకటి ఉందని చెబుతోంది. మీ వాలు 6కి పైన ఉండడం, మీ ఖండన బిందువు అన్ని వానల కన్నా తేలికగా ఉండడం సరిగ్గా ఈ చిత్రానికే సరిపోతాయి.

దీనికి మార్గం ఏమిటంటే, బిందువులన్నిటికీ కలిపి ఒక గీత గీయకుండా, ప్రతి నమూనానూ విడిగా వెనక్కి నడిపించాలి. వాలును మీ బిందువుల నుంచి తీయకండి. ఉష్ణోగ్రత, గాలిలోని తేమ, గాలిలోని ఆవిరి ఐసోటోపు విలువల నుంచి క్రెయిగ్, గార్డన్ 1965లో ఇచ్చిన బాష్పీభవన గణిత నమూనాతో (మోడల్‌తో) లెక్కగట్టండి. పై ఉదాహరణలో వాలు 4తో ఒక్కొక్క బిందువునూ వెనక్కి తీసుకెళితే మొదటిది −8 దగ్గర, రెండోది −3 దగ్గర రేఖను తాకుతాయి, అంటే రెండు వానలూ సరిగ్గా దొరుకుతాయి. నిజమైన క్షేత్రంలో ఇంత శుభ్రంగా రాదు కనుక వాలుకు ఒకే అంకె పెట్టకుండా, తేమ హెచ్చుతగ్గులను బట్టి ఒక పరిధి పెట్టి, అసలు వాన విలువను కూడా ఒక పరిధిగానే చెప్పండి.

మేఘసంచారి (జవాబు):

మట్టిపదును గారి వివరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను మొదటి జవాబులో పరిమాణం గురించి మాత్రమే చెప్పి, కాలాన్ని బట్టి ఆవిరయ్యే మోతాదు కూడా మారుతుందన్న సంగతిని వదిలేశాను, అది నా లోపమే. ఒక్క హెచ్చరిక మాత్రం చేర్చాలి. పై లెక్కలో వర్షజల రేఖ అన్ని కాలాల్లోనూ ఒకటే అనుకున్నాం. ఆవిరి పుట్టిన సముద్రం మీద గాలి ఎంత పొడిగా ఉందన్నదాన్ని బట్టి డ్యుటీరియం ఎక్సెస్ మారుతుంది. డెల్టా డ్యుటీరియం నుంచి ఆక్సిజన్-18 విలువకు 8 రెట్లు తీసివేస్తే వచ్చేదే ఈ ఎక్సెస్. ప్రపంచ సగటున అది 10 దగ్గర ఉంటే, తూర్పు మధ్యధరా ప్రాంతపు వానల్లో 22 దాకా ఉంటుంది, ఎందుకంటే అక్కడ చలికాలంలో పొడి ఖండ వాయువు వెచ్చని సముద్రం మీదుగా వీస్తుంది. మీ చోట వేర్వేరు కాలాల్లో వేర్వేరు దిక్కుల నుంచి మేఘాలు వస్తుంటే, ఒక కాలపు వానలు ఆవిరి కాకుండానే మీ సగటు రేఖకు కాస్త కిందుగా ఉండవచ్చు. కాబట్టి వాన నమూనాలను కాలాలవారీగా విడదీసి, ఒక్కో కాలానికి ఈ విలువ ఎంతో చూడండి. రెండేళ్ల నమూనాలు దీనికి తక్కువే. మీకు దగ్గరలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1961 నుంచి నడుపుతున్న వర్షజల ఐసోటోపు కేంద్రాల జాలంలోని కేంద్రం ఏదైనా ఉంటే, దాని పాత విలువలను కూడా పక్కన పెట్టుకోండి.

బావిగట్టు (జవాబు):

పూర్వకాలపు నీరు అనే మాట గురించి. అలాంటి నీరు నిజంగానే ఉంది. సహారా తూర్పు భాగంలోని నూబియన్ ఇసుకరాతి పొరల్లో నీటి ఆక్సిజన్-18 విలువ చాలాచోట్ల −10, −11 దగ్గర ఉంటుంది. ఇప్పుడు అక్కడ అరుదుగా పడే వాన అంత తేలికగా ఉండదు. కానీ ఆ నీటిని పూర్వకాలపుదని చెప్పింది కేవలం తేలిక విలువను చూసి కాదు. వయసు చెప్పే ఇతర ఐసోటోపులతో కూడా సరిచూసే చెప్పారు. పైగా అది చాలా లోతైన, విశాలమైన జలధారక పొర. మీరు వర్ణించినవి లోతు తక్కువైన బోరుబావులు, వాటిలో ఆవిరి గుర్తులూ ఉన్నాయి. అలాంటి చోట వేల ఏళ్ల నీరు నిలిచి ఉండడానికి అవకాశం తక్కువ.

అనుమానం తీరాలంటే మూడు నాలుగు బోరుబావుల్లో ట్రిటియం (హైడ్రోజన్‌కు చెందిన రేడియోధార్మిక ఐసోటోపు) కొలిపించండి. దాని అర్ధాయువు 12.32 సంవత్సరాలు. 1950లు, 1960ల తొలినాళ్ల అణు పరీక్షలతో వానల్లో అది విపరీతంగా పెరిగి, ఉత్తరార్ధగోళంలో 1963లో శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. మీ నీటిలో ట్రిటియం కనబడితే అందులో కొంతైనా ఆ పరీక్షలు మొదలైన తర్వాత ఇంకిన నీరుందని అర్థం, అప్పుడు పూర్వకాలపు వాదనను వదిలేయవచ్చు. అసలు కనబడకపోతే మాత్రం వేల ఏళ్ల వయసును చెప్పే కార్బన్-14 దాకా వెళ్లాలి.

ఊటచెలమ (తిరిగి):

మట్టిపదును గారి ఉదాహరణను నా విలువలతో లెక్కగట్టి చూశాను. ప్రతి బోరుబావినీ విడిగా, వాలును 3.5 నుంచి 5 వరకు మారుస్తూ వెనక్కి నడిపిస్తే, వచ్చిన విలువలన్నీ నేను పట్టిన వానల పరిధిలోనే ఉన్నాయి, ఎక్కువ భాగం పెద్ద వానలు కురిసిన నెలల దగ్గర పడ్డాయి. పూర్వకాలపు నీరు అనే వాక్యాన్ని నివేదిక నుంచి తీసేశాను. వాడకంలో లేని దిగుడు బావులను ఒక ప్రత్యేక పట్టికలోకి మార్చాను. ట్రిటియం కోసం నమూనాలు తీయాలంటే ఎంత నీరు పట్టాలి, దానికి కూడా గాలి మిగలకుండా నింపాలా?

బావిగట్టు (జవాబు):

ఒక లీటరు పడితే సరిపోతుంది, కొన్ని ప్రయోగశాలలు తక్కువే అడుగుతాయి కనుక ముందుగా వారిని అడగండి. ట్రిటియానికి ఆవిరి వల్ల వచ్చే తేడా పెద్దది కాదు గాని, బయటి గాలిలోని తేమతో కలవకుండా ఉండాలి కాబట్టి అంచుదాకా నింపి బిగించడమే మంచిది. ట్రిటియం చేర్చిన రంగుతో ముళ్లు మెరిసే పాత చేతిగడియారం ఏదైనా ఉంటే, నమూనా తీసేటప్పుడు అది చేతికి లేకుండా చూసుకోండి.